నీకు తేలికేనా అని అడిగితే ఏం తెలుస్తుంది?

పదిహేనేళ్ల పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. డాక్టరు చెప్పింది అర్థం చేసుకోవడం నీకు ఎలా ఉంటుంది అని అందులో ఒక ప్రశ్న. చాలా కష్టం, కష్టం, తేలిక, చాలా తేలిక అని ఎదురుగా నాలుగు గళ్లు. పిల్లలు ఏదో ఒక గడిలో టిక్కు పెడతారు. ఇలాంటి టిక్కులన్నిటికీ మార్కులు వేసి, కూడి, వచ్చిన అంకెను ఆ పిల్లల ఆరోగ్య అక్షరాస్యత అంటున్నారు. ఆ అంకెలతో నివేదికలు వస్తున్నాయి, దేశాలను పోలుస్తున్నారు, బడుల్లో ఏం నేర్పాలో నిర్ణయిస్తున్నారు.

నా అభ్యంతరమంతా ఆ పేరు మీదే. ఆ అంకె చెప్పేది పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ఎంతో. అదీ తెలుసుకోదగిందే. కానీ దానికి అక్షరాస్యత అని పేరు పెట్టగానే, పిల్లలు నిజంగా ఏం చేయగలరో చూడాల్సిన పని మిగిలే ఉందన్న సంగతి మరిచిపోతాం. ఈత వచ్చా అని అడిగితే వచ్చు అన్నవాళ్లందరినీ లోతు నీళ్లలోకి వదలం కదా.

ఆరోగ్య అక్షరాస్యత అంటే ఆరోగ్యానికి సంబంధించిన సమాచారాన్ని వెతికి పట్టుకోవడం, అర్థం చేసుకోవడం, అది నమ్మదగిందో కాదో తేల్చుకోవడం, చివరికి తన విషయంలో వాడుకోవడం. ఈ మాటను మొదట వాడింది 1974లో, అమెరికాలో స్కాట్ సైమండ్స్. ఆయన మాట్లాడింది బడుల్లో ఆరోగ్య విద్య గురించి. అంటే ఈ ఆలోచన పుట్టిందే పిల్లల కోసం. కానీ తరువాతి రోజుల్లో అది ఆసుపత్రుల్లోకి వెళ్లిపోయింది. కొలిచే సాధనాలన్నీ ముందు పెద్దవాళ్ల కోసం, అందులోనూ రోగుల కోసం తయారయ్యాయి. పిల్లల వంతు వచ్చేసరికి చాలాసార్లు ఆ పెద్దల సాధనాన్నే కాస్త కత్తిరించి ఇచ్చారు. ఇవాళ్టి చిక్కుల్లో సగం అక్కడి నుంచి వచ్చినవే అని నాకనిపిస్తుంది.

తొలి సాధనాల్లో పేరున్నది 1991లో వచ్చిన రీల్మ్. వైద్యానికి సంబంధించిన మాటలు ఒక కాగితం మీద ఉంటాయి, పైకి చదవాలి. ఎన్ని మాటలు తప్పు లేకుండా పలికితే అన్ని మార్కులు. 2006లో దీన్నే టీనేజీ పిల్లల కోసం 66 మాటలతో మళ్లీ తయారు చేశారు. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. రద్దీగా ఉండే క్లినిక్‌లో ఆ వేగం అవసరమే, కాదనను. కానీ పలకడం వేరు, తెలియడం వేరు. ఇంగ్లీషులో రాత ఒకలా, పలుకు ఒకలా ఉంటుంది కాబట్టి సరిగ్గా పలికినవాళ్లకు ఆ మాటతో ముందే పరిచయం ఉందని ఊహించడానికి కొంత వీలుంది. స్పానిష్‌లో ఆ వీలు లేదు. అక్షరాలు వస్తే చాలు, అర్థం తెలియని మాటనైనా చదివేయొచ్చు. అందుకే 2006లో స్పానిష్ కోసం చేసిన సాధనంలో మాటను పలికించడంతో ఆగకుండా, దానికి దగ్గరి అర్థమున్న మాటను ఎంచుకోమని కూడా అడిగారు. తెలుగు లాంటి భాషల్లోనూ ఇదే ఇబ్బంది. అక్షరాలు వచ్చిన పిల్లలు ఎంత పెద్ద జబ్బు పేరైనా గడగడా చదువుతారు.

1995లో వచ్చిన టోఫ్లా ఇంకాస్త ముందుకు వెళ్లింది. వైద్యానికి సంబంధించిన పేరాల్లో ఖాళీలు నింపడం, మందు సీసా మీది సూచన చదివి లెక్క చెప్పడం లాంటివి ఇందులో ఉంటాయి. పూర్తి పరీక్షకు ఇరవై నిమిషాల పైనే పడుతుంది.

ఈ పాత సాధనాల్లో నాకు బాగా నచ్చింది 2005లో వచ్చిన న్యూయెస్ట్ వైటల్ సైన్. ఒక ఐస్‌క్రీమ్ డబ్బా మీది పోషకాల పట్టిక చేతికిచ్చి ఆరు ప్రశ్నలు అడుగుతారు. డబ్బా మొత్తం తింటే ఎన్ని కేలరీలు అన్నది మొదటిది. పట్టికలో ఉన్నది ఒక వడ్డనకు లెక్క, కాబట్టి గుణించాలి. చివర్లో ఇంకొకటి ఉంది: నీకు పెన్సిలిన్, వేరుశనగ, రబ్బరు గ్లవ్స్, తేనెటీగ కాటు పడవనుకో, ఈ ఐస్‌క్రీమ్ తినొచ్చా? తినకూడదంటే ఎందుకు? జవాబు పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాసిన పదార్థాల జాబితాలో ఉంది, అందులో వేరుశనగ నూనె ఉంటుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఎక్కడ చూడాలో తెలియాలి, చూసినదాన్ని తన ఒంటితో ముడిపెట్టుకోవాలి. నాకు ఆత్మవిశ్వాసం ఉంది అంటే కుదరదు. మూడు నిమిషాల పరీక్షలో ఇంత చూడగలిగారంటే, పని చేయించి కొలవడం అసాధ్యమన్న మాట నేను ఒప్పుకోను.

అయితే ఈ పరీక్షలు చూసేది చదవడం, లెక్కపెట్టడం మాత్రమే. ఆరోగ్యం అంతటితో అయిపోదు. 2000లో ప్రజారోగ్య నిపుణుడు డాన్ నట్‌బీమ్ ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పాడు. చదివి అర్థం చేసుకోవడం మొదటి మెట్టు. ఇతరులతో మాట్లాడి, అడిగి తెలుసుకుని, కొత్త పరిస్థితిలో వాడుకోవడం రెండోది. విన్నదాన్ని ప్రశ్నించి, తన చుట్టూ ఉన్న పరిస్థితులను కూడా మార్చడానికి పూనుకోవడం మూడోది. 2012లో క్రిస్టీన్ సోరెన్‌సెన్ బృందం ఇంకా విస్తారమైన నమూనా ఇచ్చింది. వెతకడం, అర్థం చేసుకోవడం, బేరీజు వేయడం, ఆచరించడం అనే నాలుగు పనులను వైద్యం, జబ్బుల నివారణ, ఆరోగ్యాన్ని పెంచుకోవడం అనే మూడు రంగాల్లో చూడాలన్నారు. ఆలోచనగా ఇది చాలా మంచిది. చిక్కల్లా కొలత దగ్గరే వచ్చింది. ఇన్ని పనులను పరీక్ష పెట్టి చూడాలంటే కష్టం కాబట్టి, నీకు ఇది ఎంత తేలిక అని అడిగి ఊరుకున్నారు. 2011లో యూరప్‌లోని ఎనిమిది దేశాల్లో 15 ఏళ్లు, అంతకు పైబడినవారిని 47 ప్రశ్నలతో ఇలాగే అడిగారు. దాదాపు సగం మందికి ఆరోగ్య అక్షరాస్యత సరిపడా లేదని తేల్చారు. ఆ ఫలితం ప్రభుత్వాలను కదిలించింది, అది మంచిదే. కానీ అదే పద్ధతి తరువాత పిల్లల సర్వేలకూ పాకింది.

పిల్లల కోసమే ఆలోచించి చేసినవీ ఉన్నాయి. ఫిన్లాండ్‌లో ఆరోగ్య విద్య 2001 నుంచి బడిలో ప్రత్యేక పాఠ్యాంశం. అక్కడి లీనా పాకరి బృందం 2016లో బడి పిల్లల కోసం పది వాక్యాల సాధనం తయారు చేసింది. తన గురించిన ఎరుక, పౌరులుగా బాధ్యత లాంటి అంశాలను కూడా అందులో చేర్చారు, ఇది పెద్దల ప్రశ్నావళుల్లో అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 11, 13, 15 ఏళ్ల పిల్లల మీద నాలుగేళ్లకోసారి జరిగే పెద్ద సర్వేలో కొన్ని దేశాలు దీన్ని వాడాయి. జర్మనీలో 14 నుంచి 17 ఏళ్ల వారి కోసం ఇంకో ప్రశ్నావళి వచ్చింది. వీటి వెనక ఎంతో శ్రద్ధ ఉంది. అయినా పాకరి బృందం సాధనంలోని ఒక వాక్యం చూడండి: ఆరోగ్యం గురించిన ఒక సమాచారం ఒప్పో తప్పో నేను మామూలుగా తేల్చుకోగలను. అవును అనేవాళ్లలో ఎవరు తేల్చుకోగలరు, ఎవరు తేల్చుకోగలమని అనుకుంటున్నారు? ఈ వాక్యంతో అది తెలియదు.

బడి చదువుల కొలతతో పోల్చి చూడండి. 2000లో మొదలై, ఎన్నో దేశాల్లో జరిగే పీసా పరీక్ష 15 ఏళ్ల పిల్లల చేత లెక్కలు చేయిస్తుంది, పేరాలు చదివించి ప్రశ్నలు వేస్తుంది. లెక్కలంటే నీకు ఎంత ధైర్యం అని కూడా అడుగుతుంది, కానీ ఆ జవాబును వేరే పట్టికలో వేస్తుంది. ధైర్యం అంకెను లెక్కల మార్కు అని ఎవరూ ప్రకటించరు. ప్రకటిస్తే ఏమయ్యేదో కూడా మనకు తెలుసు. జపాన్, కొరియా పిల్లలు లెక్కల్లో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంటారు, మాకు లెక్కలు బాగా వచ్చు అని చెప్పుకోవడంలో మాత్రం చాలా వెనక ఉంటారు. ఒక దేశంలోని పిల్లలను ఒకరితో ఒకరిని పోలిస్తే నమ్మకం, మార్కులు కొంత కలిసే నడుస్తాయి. దేశాలను పోలిస్తే తిరగబడతాయి. మరి ఆరోగ్యం విషయంలో దేశాల వరుసను స్వయంగా చెప్పుకున్న నమ్మకం మీద వేస్తే, అది దేని వరుస?

ఇక కౌమార వయసుకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలో వద్దో తేల్చుకోవడం నీకు ఎంత తేలిక అని యూరప్ ప్రశ్నావళిలో ఉంది. యాభై ఏళ్ల మనిషికి ఇది అనుభవం మీద జవాబు చెప్పే ప్రశ్న. పదిహేనేళ్ల పిల్లలకు ఊహ. వాళ్లలో చాలామంది ఒంటరిగా డాక్టరు దగ్గరికి ఎప్పుడూ వెళ్లి ఉండరు. అపాయింట్‌మెంట్ తీసుకునేది, ఫారాలు నింపేది, మందుల చీటీ చదివేది ఇంట్లో పెద్దవాళ్లు. ఎన్నడూ చేయని పనిని తేలికే అనడం సహజం. అదే వయసులో మొదటి రకం డయాబెటిస్‌తో బతుకుతున్న అమ్మాయి రోజూ ఇన్సులిన్ మోతాదు లెక్క వేసుకుంటుంది, డాక్టర్ల మాటల్లో తేడాలు వింటుంది, కాబట్టి ఆ ప్రశ్న ఎంత కష్టమో తెలిసి కష్టం అని టిక్కు పెట్టొచ్చు. అప్పుడు ఆ పిల్లకు తక్కువ మార్కు, ఏ జబ్బూ ఎరగని పిల్లలకు ఎక్కువ మార్కు.

ఇదే తిరకాసు పాఠాల విషయంలోనూ ఉంది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఒక టీచరు ఏడాదంతా కష్టపడి, ఇంటర్నెట్‌లో చూసిన ఆరోగ్య సలహాను ఎలా పరీక్షించాలో నేర్పారనుకుందాం. నిజంగా నేర్చుకున్న పిల్లలకు ముందు తెలిసేది ఆ పని ఎంత కష్టమో. జూన్‌లో తేలిక అన్నవాళ్లు మార్చిలో కష్టం అనొచ్చు. స్కోరు తగ్గుతుంది. కాగితం మీద ఆ కార్యక్రమం విఫలమైనట్టు కనిపిస్తుంది. బాగా నేర్పినందుకు దండన పడే కొలత మనకెందుకు?

మా అక్క కూతురికి పదిహేనేళ్లు. నిద్ర గురించి, ఒక పొడి గురించి ఒక వీడియో చూస్తుంటే, ఇలాంటివి నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం నీకు కష్టమా తేలికా అని అడిగాను. "తేలికే పిన్నీ. కింద కామెంట్లు చూస్తే తెలిసిపోతుంది. పైగా ఈవిడకి ఎంతమంది ఫాలోయర్లున్నారో చూడు" అంది. తను అబద్ధం చెప్పలేదు, గొప్పలూ పోలేదు. తన దగ్గర ఒక పద్ధతి ఉంది, అది నిజంగా తేలికే. ఆ పద్ధతితో ఏ సలహానూ పరీక్షించలేమన్నది వేరే సంగతి. ప్రశ్నావళికి అందేది ఆ 'తేలిక' మాత్రమే. కామెంట్లు, ఫాలోయర్లు అన్న సగం బయటే ఉండిపోతుంది. నాకు కావాల్సింది ఆ సగమే. అది తెలిస్తే కదా ఆ పిల్లకు ఏం నేర్పాలో తెలిసేది.

ఇది ఒక్క అమ్మాయి మాట మీద చెప్పడం లేదు. ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారం వాడుకునే నేర్పును కొలవడానికి 2006లో కెనడాలో ఈహీల్స్ అనే ఎనిమిది వాక్యాల సాధనం వచ్చింది. మొదట పరీక్షించింది టీనేజీ పిల్లలు, వారికి దగ్గరి వయసువాళ్ల మీదే. అదీ స్వయంగా చెప్పుకునేదే. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు పెద్దవాళ్లకు ఈ ప్రశ్నలు ఇచ్చి, నిజంగా ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారం వెతికే పనులు చేయించారు. స్కోరుకూ చేసిన పనికీ సంబంధం కనిపించలేదు. ఇంకోవైపు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన పరిశీలనలో పిల్లల చేత పనే చేయించారు. ఒక వెబ్‌సైట్ మొదటి పేజీలో డబ్బిచ్చి రాయించిన ప్రకటనను, అది ప్రకటనే అని పక్కన రాసి ఉన్నా, 80 శాతం పైగా మాధ్యమిక తరగతుల పిల్లలు వార్త అనుకున్నారు. వంకర్లు తిరిగిన పూల ఫొటో ఒకటి చూపించి, అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తరువాత ఫుకుషిమాలో పూసినవని కింద రాసి ఉంటే, హైస్కూలు పిల్లల్లో దాదాపు 40 శాతం మంది అది గట్టి సాక్ష్యమేనన్నారు. ఫొటో ఎవరు తీశారు, ఎక్కడ తీశారు అని నిలదీసింది ఐదో వంతు కంటే తక్కువ. ఈ పిల్లలనే మీకు తప్పొప్పులు తేల్చుకోవడం తేలికేనా అని అడిగి ఉంటే ఎన్ని టిక్కులు పడేవో ఊహించుకోండి.

అలాంటి పనులు ఆరోగ్యంలో బోలెడు తయారు చేయొచ్చు. జ్వరానికి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, జలుబుకి వాడే మాత్రల పెట్టె ఒకటి ముందు పెట్టి, రెండూ కలిపి వేసుకోవచ్చా అని అడగాలి. చాలా జలుబు మందుల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. వెనక రాసింది చదివినవాళ్లకే అది కనబడుతుంది. పెద్దవాళ్లకైనా రోజుకి 4 గ్రాములు దాటకూడని మందు, దాటితే కాలేయం దెబ్బతింటుంది. ఇది తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఈ పనికి పట్టేది నాలుగైదు నిమిషాలు. పిల్లలు పెట్టెను తిప్పి చూశారా లేదా అన్నదే సగం జవాబు.

మానసిక ఆరోగ్యంలో ఈ దారి ఎప్పుడో వేశారు. 1997లో ఆస్ట్రేలియాలో ఆంథొనీ జోర్మ్ బృందం ఒక మనిషి పరిస్థితిని చిన్న కథలా రాసి ఇచ్చింది. నిద్ర లేదు, దేని మీదా ఆసక్తి లేదు, వారాలుగా ఇలాగే ఉంది అని. ఈ మనిషికి ఏమైంది, ఎవరి దగ్గరికి వెళ్తే మేలు అని అడిగారు. నీకు డిప్రెషన్ గురించి తెలుసా అని అడగడానికీ దీనికీ ఎంతో తేడా ఉంది. తరువాత ఇదే పద్ధతిని టీనేజీ పిల్లలతోనూ వాడారు. బతకాలని లేదు, ఎవరికీ చెప్పకు అని స్నేహితుడు ఒట్టు వేయించుకున్నాడు, నువ్వేం చేస్తావు అని అడిగి, పిల్లలు రాసింది చదివితే మనకు తెలిసేది ఏ పది వాక్యాల స్కోరులోనూ ఉండదు. కొందరు ఒట్టు నిలబెట్టుకుంటామని రాస్తారు. వాళ్లతో ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి.

స్వయంగా చెప్పించే పద్ధతిని ఎందుకు ఎంచుకుంటారో నాకు తెలుసు. చవక. తొందరగా అవుతుంది. వేలమందికి ఒకేసారి ఇవ్వొచ్చు. పరీక్ష అనగానే పిల్లలకు పట్టుకునే టెన్షన్ ఉండదు. రాసిన జవాబులకు మార్కులు వేయాలంటే కనీసం ఇద్దరు విడివిడిగా చదవాలి, వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, అదంతా ఖర్చు. అందుకని అందరికీ చిన్న ప్రశ్నావళి ఇచ్చి, వాళ్లలో కొద్దిమంది చేత పనులు చేయించి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమని అడుగుతాను. అప్పుడు తేడా బయటపడుతుంది. నమ్మకం ఎక్కువ, నేర్పు తక్కువ ఉన్నవాళ్లు ఒకవైపు, వాళ్లు ఎవరినీ అడగరు కాబట్టి ప్రమాదం వాళ్లకే ఎక్కువ. అన్నీ తెలిసీ నోరు విప్పలేనివాళ్లు ఇంకోవైపు, డాక్టరు ముందు అమ్మ మాట్లాడుతుంటే పక్కన తల దించుకుని కూర్చునేవాళ్లు. ఇద్దరికీ కావాల్సిన సాయం వేరు. ఒకే స్కోరులో కలిపేస్తే ఇద్దరూ మధ్యస్థం అనే గంపలో పడతారు.

పని చేయించి చూసినా అన్నీ తెలియవన్నదీ నిజమే. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు కారు నడిపే వీడియో గేమ్ ఒకటి ఆడించారు. స్నేహితులు పక్కన ఉంటే టీనేజీ పిల్లలు ఒంటరిగా ఆడినప్పటి కంటే ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. తరగతి గదిలో ఒక్కరే కూర్చుని సిగరెట్ గురించి చక్కటి జవాబు రాసిన పిల్లవాడు, నలుగురి మధ్య ఉన్నప్పుడు ఏం చేస్తాడో కాగితం చెప్పదు. అది ఏ కొలతకైనా ఉండే హద్దు. ఆ హద్దు ఉందని, దానికి ముందున్న పనిని వదిలేయలేం.

తేలికా కష్టమా అన్న ప్రశ్నకు కూడా ఒక మంచి ఉపయోగం ఉంది, దాన్ని మనం సరిగ్గా వాడుకోవడం లేదు. డాక్టరు చెప్పింది అర్థం కావడం కష్టం అని ఒక తరగతిలో ఎక్కువమంది టిక్కు పెడితే, ఆ జవాబు పిల్లల గురించేనా? డాక్టరు గురించి కూడా కదా? మందు పెట్టెలోని కాగితం అర్థం కాలేదంటే, ఆ కాగితం రాసినవాళ్లది కూడా తప్పే. ఒంటరిగా వచ్చి అడగడం కష్టం అంటే, ఆ క్లినిక్‌లో పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమని పిల్లలతో విడిగా మాట్లాడే అలవాటు లేదని అర్థం. పిల్లలు కష్టం అన్న ప్రతిచోటా ఎదుటి పక్షం ఒకటి ఉంది. కష్టాన్ని కొలిచి, దానికి పిల్లల పేరు ఒక్కటే రాయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

కాబట్టి మీ పిల్లల బడిలో ఇలాంటి ప్రశ్నావళి ఇస్తే, అడగాల్సినవి కొన్నున్నాయి. ఇందులో పిల్లలు చేసి చూపించాల్సిన పని ఒక్కటైనా ఉందా? జవాబులు ఎవరు చూస్తారు, పిల్లల పేర్లు వాటి మీద ఉంటాయా? ఎక్కువమంది కష్టం అన్న ప్రశ్న ఏదో తేలాక, దాన్ని పట్టుకుని ఆ డాక్టర్ల దగ్గరికి, ఆ కాగితాలు రాసేవాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తారు, ఎప్పటిలోగా వెళ్తారు? మూడో ప్రశ్నకు బడి దగ్గర జవాబు లేకపోతే, సర్వే మొదలుపెట్టక ముందే దాని బాధ్యత ఒకరికి అప్పగించమని అడగండి.